ఇంట్లో నాస్ పెట్టుకుంటే ఫొటోలు భద్రమేనా? రెండేళ్ల తర్వాత నా సెటప్, నా తప్పులు

2023 దసరాకి ఊరెళ్లినప్పుడు అమ్మకి పాత ఫొటోలు చూపిద్దామని నా 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టాను. డ్రైవ్ కనిపించలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్, టిక్ అని శబ్దం. హార్డ్ డిస్కుల గురించి కాస్త తెలిసిన ఎవరికైనా ఆ శబ్దం వింటే గుండె జారుతుంది. నాలుగేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆ ఏడాది సంక్రాంతికి నానమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే తీసిన రా ఫైల్స్ కూడా. ఆవిడకి అదే ఆఖరి సంక్రాంతి.

హైదరాబాద్ వచ్చాక డేటా రికవరీ షాపుకి తీసుకెళ్లాను. పది రోజుల తర్వాత సగానికి పైగా ఫైల్స్ వచ్చాయి, కానీ పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. నానమ్మ ఫొటోల్లో ఒక్క రా ఫైల్ కూడా తెరుచుకోలేదు. ఇప్పుడు మా దగ్గర మిగిలినవి అప్పట్లో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పంపిన 11 ఫొటోలు. వాట్సాప్ కుదించేసినవి కాబట్టి పోస్ట్‌కార్డ్ సైజు దాటి ప్రింట్ వేస్తే పగిలిపోతాయి.

ఆ తర్వాత మూడు నెలలకి నాస్ కొన్నాను. కొన్నాక నిశ్చింతగా పడుకున్నాను. ఆ నిశ్చింత ఎంత తప్పో ఇంకో ఏడు నెలలకి తెలిసింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు సెటప్ ఎలా చేసుకోవాలో చూద్దాం.

నాస్ అంటే ఏంటి? ఎవరికి అక్కర్లేదు?

నాస్ అంటే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. సింపుల్‌గా చెప్పాలంటే హార్డ్ డిస్కులు పెట్టుకోవడానికే తయారు చేసిన చిన్న కంప్యూటర్. దానికి మానిటర్, కీబోర్డు ఉండవు. రౌటర్‌కి కేబుల్‌తో కలిపేసి ఒక మూల పెట్టేస్తాం. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్, టీవీ అన్నీ దాన్ని వాడుకోవచ్చు.

ఇది అందరికీ అవసరం లేదు. మీ దగ్గర మొత్తం కలిపి 1 టీబీ లోపే డేటా ఉండి, ఒకే ల్యాప్‌టాప్ వాడుతుంటే రెండు పోర్టబుల్ డిస్కులు కొనుక్కోండి. రెండిట్లోనూ అదే డేటా కాపీ చేసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. చాలా తక్కువ ఖర్చులో పని అయిపోతుంది. డేటా ఏటా పెరుగుతూ ఉంటే, ఇంట్లో రెండు మూడు ఫోన్ల ఫొటోలు కూడా ఆటోమేటిక్‌గా ఒకచోటికి చేరాలనుకుంటే, అప్పుడు నాస్ గురించి ఆలోచించండి. గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అన్‌లిమిటెడ్ స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు వచ్చే ఫ్రీ 15 జీబీ జీమెయిల్‌తో కలిపి. రా ఫైల్స్ తీసేవాళ్లకి అది ఒక వీకెండ్‌కి సరిపోతుంది, అంతే.

ఎంత స్టోరేజ్ కావాలి?

ఇక్కడ ఊహలు వద్దు, లెక్క వేసుకోండి. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా. ఒక్కో రా ఫైల్ సగటున 28 ఎంబీ. ఒక ట్రిప్‌కి వెళ్లి 600 ఫొటోలు తీస్తే దాదాపు 17 జీబీ. ఏడాదికి 15,000 ఫొటోలు అనుకుంటే 420 జీబీ. దీనికి ఫోన్ వీడియోలు కలపాలి. 4కే వీడియో ఫోన్‌ని బట్టి, ఫార్మాట్‌ని బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తినేస్తుంది. మొత్తం మీద నాకు ఏడాదికి 600 జీబీ లెక్క తేలింది. రికవరీలో వచ్చిందీ, అటూ ఇటూ ఉన్నదీ కలిపి అప్పటికే 700 జీబీ ఉంది. అంటే నాలుగేళ్లకి 3.1 టీబీ.

4 టీబీ డిస్క్ పెడితే విండోస్‌లో 3.63 టీబీ అనే కనిపిస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. పైగా డిస్క్‌ని పూర్తిగా నింపేయకూడదు, స్నాప్‌షాట్‌లకి కొంచెం చోటు ఉండాలి. అందుకే నేను 4 టీబీ డిస్కులు రెండు తీసుకున్నాను. రెండింటిలోనూ అదే డేటా ఉంటుంది కాబట్టి వాడుకోవడానికి వచ్చేది 4 టీబీనే, 8 కాదు.

బాక్సు, డిస్కులు

నేను తీసుకున్నది సైనాలజీ డీఎస్224 ప్లస్. రెండు డిస్కులు పట్టే బాక్సు, 2 జీబీ ర్యామ్. యూపీఎస్‌తో కలిపి మొత్తం 60 వేలకు కాస్త అటూ ఇటూ అయింది. డిస్కుల ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి. ఆ తర్వాత వచ్చిన డీఎస్225 ప్లస్‌లో ప్రాసెసర్ అదే, కాకపోతే ఒక పోర్ట్ 2.5 గిగాబిట్. 2025 ప్లస్ మోడళ్లకి సైనాలజీ మొదట తను ఓకే చేసిన డిస్కులే వాడాలని నిబంధన పెట్టింది. యూజర్లు గట్టిగా విమర్శించాక అదే ఏడాది అక్టోబర్‌లో డీఎస్ఎం 7.3 వెర్షన్‌తో సడలించింది. ఏ కంపెనీ బాక్సు కొన్నా, మీరు అనుకున్న డిస్క్ దాని సపోర్ట్ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

బడ్జెట్ లేకపోతే మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ వేసుకోవచ్చు. అది ఫ్రీ, డెబియన్ మీద నడుస్తుంది. కాకపోతే కరెంటు ఎక్కువ తింటుంది, సెటప్‌కి ఓపిక కావాలి. రెండు డిస్కుల నాస్ సుమారు 15 వాట్లు తీసుకుంటుంది. నెలంతా ఆన్‌లో ఉన్నా 11 యూనిట్ల లోపే.

డిస్కులు కొనేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు. సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలుంటాయి. ఎస్ఎంఆర్‌లో డేటా ట్రాకులు ఇంటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. అందువల్ల ఒక చోట మారిస్తే పక్కన ఉన్నవి కూడా మళ్లీ రాయాలి. మామూలు వాడకంలో పెద్దగా తెలియదు, కానీ ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టినప్పుడు మొత్తం డేటా తిరిగి రాయాల్సి వస్తుందే, అప్పుడు చుక్కలు చూపిస్తుంది. డబ్ల్యూడీ రెడ్ సిరీస్‌లో కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత సీఎంఆర్ డిస్కులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కూడా సీఎంఆరే. నేను అవే వాడుతున్నాను. రెండూ వేర్వేరు షాపుల్లో కొన్నాను. ఒకే బ్యాచ్‌వి అయితే ఒకే టైమ్‌లో పోయే అవకాశం ఎక్కువని నా భయం.

కాపీ స్లోగా ఉందా? నాస్‌ని తిట్టకండి

మొదటి రోజు 700 జీబీ కాపీ పెడితే స్పీడ్ సెకనుకి 11 ఎంబీ వచ్చింది. ఆ లెక్కన దాదాపు 18 గంటలు. నాస్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నాను. తీరా చూస్తే ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చిన రౌటర్‌లో పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ మించదు. ఒక గిగాబిట్ స్విచ్ కొని, నాస్‌నీ ల్యాప్‌టాప్‌నీ దానికే కలిపాను. స్పీడ్ 110 ఎంబీకి వెళ్లింది. గంటా ముప్పావులో కాపీ అయిపోయింది.

స్విచ్ పెట్టినా 11 దగ్గరే ఆగితే కేబుల్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 తీగలూ పనిచేయాలి. ఒక జత సరిగ్గా లేకపోతే లింక్ 100కి పడిపోతుంది. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని రాసి ఉన్నది వాడండి. మొదటి కాపీ వైఫైలో చేయొద్దు. తర్వాత రోజువారీ వాడకానికి 5 గిగాహెర్ట్జ్ వైఫై చాలు.

మొదటి రోజే చేయాల్సిన సెట్టింగ్స్

1. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. అడ్మిన్ అనే డిఫాల్ట్ అకౌంట్‌ని డిజేబుల్ చేసి, మీ పేరుతో ఒకటి పెట్టుకుని టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి. రోజూ ఫొటోలు కాపీ చేయడానికి అడ్మిన్ హక్కులు లేని ఇంకో యూజర్‌ని వాడండి.

2. వాల్యూమ్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్ ఎంచుకోండి. షేర్డ్ ఫోల్డర్ క్రియేట్ చేసేటప్పుడు డేటా చెక్‌సమ్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, టిక్ పెట్టండి. తర్వాత మారుద్దామంటే కుదరదు, ఫోల్డర్ మళ్లీ కొత్తగా చేయాల్సిందే. ఫైల్ నిశ్శబ్దంగా పాడైతే పట్టుకునేది ఇదే.

3. స్నాప్‌షాట్లు ఆన్ చేయండి. నేను రోజుకి ఒకటి తీసి 30 రోజులు ఉంచుతున్నాను. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైల్ విండోస్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదని గుర్తుంచుకోండి. ఒకసారి లైట్‌రూమ్‌లో తొందరపడి ఒక ఫోల్డర్ మొత్తం డిస్క్ నుంచే డిలీట్ కొట్టేశాను. ముందు రోజు స్నాప్‌షాట్ నుంచి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

4. రౌటర్‌లో నాస్‌కి ఒక ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రస్ మారి, డ్రైవ్ కనెక్ట్ అవడం లేదని తలపట్టుకుంటారు.

5. డిస్క్ హెల్త్ టెస్టులు, ఈమెయిల్ అలర్ట్‌లు ఆన్ చేయండి. డిస్క్ పాడయ్యే ముందు చాలాసార్లు సూచనలిస్తుంది. మనం వినాలంతే.

6. యూపీఎస్ పెట్టండి. యూఎస్‌బీ డేటా పోర్ట్ ఉన్నది తీసుకుంటే, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తనే షట్‌డౌన్ అవుతుంది. చవక మోడళ్లలో చాలావాటికి ఈ పోర్ట్ ఉండదు, చూసి కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారేమో. ఇన్వర్టర్ కరెంటు మారే ఆ క్షణంలో ఫ్యాన్‌కి ఏమీ కాదు, నాస్ మాత్రం రీస్టార్ట్ అయిపోవచ్చు.

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకి ఇంకో మాట. ఫొటోలు నాస్‌లో ఉండొచ్చు కానీ కేటలాగ్ ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద తెరుచుకోదు. కేటలాగ్ ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, దాని బ్యాకప్ మాత్రం నాస్‌లోకి పంపండి. ఇక కెమెరా కార్డు: రెండు వేర్వేరు చోట్ల కాపీ పడ్డాకే ఫార్మాట్ చేయండి. ఇది నేను ఎప్పుడూ తప్పని రూల్.

అమ్మ ఫోన్‌లో కూడా ఫొటో బ్యాకప్ యాప్ వేశాను. వారం తర్వాత చూస్తే ఒక్క ఫొటో రాలేదు. కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి బ్యాక్‌గ్రౌండ్ యాప్స్‌ని ఆపేస్తాయి. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి నో రిస్ట్రిక్షన్స్ పెట్టాక సరిగ్గా పనిచేస్తోంది. అమ్మ హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఫొటోలన్నీ వాటంతటవే ఎక్కేస్తాయి.

"రెయిడ్ ఉందిగా, మళ్లీ బ్యాకప్ ఎందుకురా?"

మా టీమ్‌లో ఫ్రెండ్ అడిగిన ప్రశ్న ఇది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. రెయిడ్ 1 అంటే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. ఒక డిస్క్ పోతే రెండోది పని నడిపిస్తుంది, కొత్తది పెడితే మళ్లీ నింపుకుంటుంది. మంచిదే. కానీ మీరు పొరపాటున డిలీట్ చేస్తే రెండిట్లోనూ డిలీట్ అవుతుంది. వైరస్ ఫైల్స్‌ని లాక్ చేస్తే రెండిట్లోనూ లాక్ అవుతాయి. ఇంట్లోకి నీళ్లొచ్చినా, దొంగ బాక్సు ఎత్తుకెళ్లినా రెండూ ఒకేసారి పోతాయి. రెయిడ్ కాపాడేది ఒక్క డిస్క్ చెడిపోవడం నుంచే.

అందుకే 3-2-1 అనే రూల్. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి ఇంటి బయట. ఇదేదో కార్పొరేట్ ఐటీ రూల్ అనుకుంటాం కానీ, దీనికి ప్రచారం తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్, ఫొటోగ్రాఫర్ల కోసం రాసిన పుస్తకంలో.

నా మూడో కాపీ ఊళ్లో అమ్మ బీరువాలో ఉంటుంది. 4 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు కొన్నాను. ఒకటి ఇక్కడ నాస్‌కి పెట్టి ఉంటుంది, హైపర్ బ్యాకప్ వారానికోసారి దానిలోకి కాపీ చేస్తుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు దాన్ని బ్యాగులో వేసుకుని, అక్కడున్నది తిరిగి తెచ్చుకుంటాను. సంక్రాంతి, ఉగాది, దసరా, అలా ఏడాదికి మూడు నాలుగు సార్లు మారుతుంది. బస్సులో పోయినా భయం లేకుండా బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేశాను. ఆ పాస్‌వర్డ్ నాస్‌లోనే సేవ్ చేసుకుంటే బీరువా లోపల పెట్టి తాళం చెవి కూడా లోపలే పడేసినట్టే. అందుకే కాగితం మీద రాసి అక్కకి ఇచ్చాను.

రెండు పండగల మధ్య తీసిన వాటిలో ముఖ్యమైనవి మాత్రం క్లౌడ్‌కి వెళ్తాయి. మొత్తం క్లౌడ్‌కే పంపాలనుకుంటే మీ అప్‌లోడ్ స్పీడ్ చూసుకోండి. 100 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చినా 1 టీబీకి 22 గంటలు. చాలా ఫైబర్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అన్నా నెలకి 3.3 టీబీ దాటితే స్పీడ్ తగ్గిస్తారు. అప్‌లోడ్ కూడా అందులో లెక్కే.

బయటి నుంచి చూడాలంటే

ఆఫీసు నుంచి ఇంట్లో ఫొటోలు తెరిచి చూడటం బాగుంటుంది. కానీ దానికోసం రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌ల మీద పడి, ఫైల్స్ లాక్ చేసి బిట్‌కాయిన్ అడిగింది. 2014లో సైనాలజీ బాక్సుల మీద కూడా సైనోలాకర్ పేరుతో ఇలాంటి దాడే జరిగింది. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆఫ్ చేసి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి. మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, అయినా టెయిల్‌స్కేల్ పనిచేస్తుంది. వ్యక్తిగత వాడకానికి ఫ్రీ.

ఏడు నెలల తర్వాత తెలిసిన సంగతి

ఇప్పుడు మొదట్లో చెప్పిన విషయానికి వద్దాం. ఏడు నెలల పాటు ప్రతి వారం బ్యాకప్ సక్సెస్ అని మెయిల్ వచ్చేది. పచ్చ టిక్ చూసి మెయిల్ మూసేసేవాణ్ని. ఒక ఆదివారం ఖాళీగా ఉండి, నిజంగా అన్నీ పోతే ఎలా తెచ్చుకోవాలో చూద్దామని యూఎస్‌బీ డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టాను. హైపర్ బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్‌లో పాస్‌వర్డ్ కొట్టి ఫోల్డర్లు తెరిచాను. ట్రిప్స్ ఫోల్డర్ లేదు.

కారణం చాలా సింపుల్. బ్యాకప్ టాస్క్ సెట్ చేసిన రోజున ఉన్న ఫోల్డర్లకే టిక్ పెట్టాను. ట్రిప్స్ అనే షేర్డ్ ఫోల్డర్ ఆ తర్వాత రెండు నెలలకి చేశాను. అది దానంతట అది టాస్క్‌లో చేరదు. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, నేను చెప్పిన ఫోల్డర్లని సక్సెస్‌గానే కాపీ చేసింది. ఐదు నెలల ఫొటోలు ఒక్క బాక్సులోనే ఉన్నాయి. పాత పోర్టబుల్ డిస్క్‌తో చేసిన తప్పే 60 వేలు పెట్టి మళ్లీ చేశానన్నమాట.

అదృష్టం బాగుండి ఆలోపు ఏమీ పోలేదు. ఆ రోజు నుంచి నెల మొదటి ఆదివారం పదిహేను నిమిషాలు దీనికే. బ్యాకప్ డిస్క్ నుంచి ఏవో మూడు ఫోల్డర్లు ఎంచుకుని, ఒక్కో దాంట్లోంచి రెండు మూడు రా ఫైల్స్ ల్యాప్‌టాప్‌లోకి రిస్టోర్ చేసి, లైట్‌రూమ్‌లో తెరిచి వంద శాతం జూమ్‌లో చూస్తాను. ఫైల్ కనిపిస్తే సరిపోదు, తెరుచుకోవాలి. రికవరీ షాపు ఇచ్చిన ఫైల్స్ కూడా కనిపించాయి మరి.

చివరగా

బాక్సు ఏ కంపెనీది, డిస్క్ ఎన్ని టీబీ అన్నవి రెండో ప్రశ్నలు. మొదటి ప్రశ్న ఒక్కటే: మీకు బాగా ఇష్టమైన ఒక ఫొటోని తలుచుకోండి. దాని ఒరిజినల్ ఫైల్ ఇప్పుడు ఎన్ని చోట్ల ఉంది? ఒక్క చోటే అయితే, నాస్ కొనేదాకా ఆగకండి. ఇంట్లో ఏ పెన్‌డ్రైవ్ ఉంటే దానిలోకి ఈ రాత్రికే ఇంకో కాపీ వేయండి. నాస్ వచ్చే నెల కొనుక్కోవచ్చు.